తెరమీద జేన్ ఆస్టిన్ : ‘బికమింగ్ జేన్’ చిత్రం – ఒక పరిశీలన

సాహిత్యకారుల జీవితాలను ఇతివృత్తంగా గ్రహించి నిర్మించిన చలనచిత్రాలు విద్యార్థులకు ఒక విధంగా ఉపకారం, మరొక విధంగా అపకారం చేస్తాయి. పాఠ్యపుస్తకంలో జనన మరణ సంవత్సరాల మధ్య బందీగా ఉన్న రచయిత తెరమీద నడుస్తాడు, నవ్వుతాడు, కన్నీరు కారుస్తాడు. ఆ రచయితను చదవాలన్న కోరిక మనలో మొలకెత్తుతుంది. ఇది ఉపకారం. అయితే తెరమీద చూచినదంతా చరిత్రయే అని నమ్మి, దానినే పరీక్షలోను, ప్రసంగంలోను ప్రమాణంగా చూపే అలవాటు కూడ అక్కడనే మొదలవుతుంది. ఇది అపకారం. ఈ రెంటినీ వేరుచేసి చూడగల దృష్టిని అలవరచుకోవడం సాహిత్య విద్యలో ఒక ముఖ్యభాగం. అందుకు ఉదాహరణగా 2007లో విడుదలైన ‘బికమింగ్ జేన్’ అనే ఆంగ్ల చిత్రాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాము. ఇది సుప్రసిద్ధ ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ యౌవన దశను గురించినది. జూలియన్ జారల్డ్ దర్శకుడు. కెవిన్ హుడ్, సారా విలియమ్స్ చిత్రానువాదం రచించారు. జేన్ పాత్రను అమెరికా నటి ఆన్ హాథవే, ఆమె ప్రేమించిన టామ్ లెఫ్రాయ్ పాత్రను స్కాట్లండు నటుడు జేమ్స్ మెకవాయ్ పోషించారు. 2003లో జాన్ స్పెన్స్ ప్రకటించిన జీవిత చరిత్ర గ్రంథం ఈ చిత్రానికి ప్రేరణ.

రచయిత్రి జీవితం

చిత్రాన్ని విమర్శించడానికి ముందు చరిత్రకు తెలిసిన జేన్ ఎవరో తెలుసుకొనడం అవసరం. ఆమె 1775 డిసెంబరు 16వ తేదీన ఇంగ్లండులోని హాంప్‌షైర్ మండలంలో స్టీవెంటన్ అనే చిన్న గ్రామంలో జన్మించింది. తండ్రి జార్జి ఆస్టిన్ ఆ గ్రామ చర్చికి గురువు. ఎనిమిదిమంది సంతానంలో ఆమె ఏడవది. ఆడపిల్లలు ఇద్దరే. అక్క పేరు కసాండ్రా. చర్చి ఆదాయం చాలక తండ్రి ఇంటిలోనే మగపిల్లలను ఉంచుకొని చదువు చెప్పేవాడు, కొంత వ్యవసాయమూ చేయించేవాడు. జేన్‌కు పాఠశాల చదువు పదకొండవ ఏటితోనే ముగిసింది. ఆపైన ఆమెకు బడి ఏదంటే తండ్రి గ్రంథాలయమే. అందులో 500కు పైగా పుస్తకాలుండేవి. సాయంకాలాలలో ఇంటిల్లిపాది కూర్చుండి నవలలను బిగ్గరగా చదువుకొనడం ఆ కుటుంబానికి వాడుక.

ఆమె వివాహం చేసుకొనలేదు. నలుబది యొకటవ ఏట, 1817 జూలై 18న వించెస్టరు పట్టణంలో మరణించింది. జీవించియుండగా ఆమె నవలలు నాలుగు మాత్రమే అచ్చయినవి. మరణానంతరం మరి రెండు వెలువడినవి. ఆ ఆరు నవలలే ఆంగ్ల నవలా చరిత్రలో ఆమెకు శాశ్వత స్థానాన్ని సంపాదించి పెట్టినవి.

చిత్రకథ

చిత్రం 1795 ప్రాంతంలో మొదలవుతుంది. జేన్‌కు అప్పటికి ఇరవై సంవత్సరాలు. ధనవంతురాలైన లేడీ గ్రెషమ్ మేనల్లుడు విస్లీ ఆమెను వివాహమాడ గోరుతాడు. తల్లికి ఆ సంబంధం ఇష్టం. ఇంతలో లండనులో న్యాయశాస్త్రం చదువుతూ విలాసాలలో మునిగియున్న టామ్ లెఫ్రాయ్‌ను, అతని ఖర్చు భరించే మేనమామయైన న్యాయమూర్తి, బుద్ధి రావడానికని పల్లెకు పంపిస్తాడు. జేన్ తన రచనను చదివి వినిపిస్తుండగా టామ్ కునికిపాట్లు పడతాడు. ఆమె అభిమానం దెబ్బ తింటుంది. తగవులతో ఆరంభమైన పరిచయం ప్రేమగా మారుతుంది. న్యాయమూర్తి అనుమతి పొందడానికి వారు లండను వెళతారు. అక్కడ జేన్ నాటి ప్రసిద్ధ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్‌ను కలుసుకొంటుంది. ఇంతలో జేన్ పేదరాలని తెలుపుతూ ఎవరో వ్రాసిన ఉత్తరం న్యాయమూర్తికి అందుతుంది. ఆయన అంగీకరించడు. టామ్ వెనుకకు తగ్గుతాడు. కొంతకాలానికి తిరిగి వచ్చి, ఎవరికీ చెప్పకుండా పారిపోయి పెండ్లి చేసుకొందామంటాడు. ఆమె సరేనంటుంది. దారిలో అతని తల్లి వ్రాసిన ఉత్తరం జేన్ కంటబడుతుంది. ఐర్లండులోని అతని కుటుంబమంతా అతడు పంపే ధనంమీదనే ఆధారపడియున్నదని తెలిసి, వారి నోటి ముద్ద తీసివేసి తాను సుఖపడలేనని నిశ్చయించుకొని ఆమె ఇంటికి తిరిగి వస్తుంది. చివరి ఘట్టంలో, చాలా సంవత్సరాల తరువాత ఒక సంగీత సభలో టామ్ తన కూతురితో కనిపిస్తాడు. ఆ బాలిక పేరు కూడ జేన్. ఆ బాలిక కోరికమీద రచయిత్రి తన నవలలోని ఒక భాగాన్ని చదివి వినిపిస్తుంది.

కథ రసవంతంగా ఉన్నదనుటలో సందేహం లేదు. జూలీ వాల్టర్స్ తల్లిగా, జేమ్స్ క్రామ్‌వెల్ తండ్రిగా, మాగీ స్మిత్ లేడీ గ్రెషమ్‌గా చక్కగా నటించారు. చిత్రీకరణ జరిగినది ఐర్లండులో. ఆ పచ్చిక బయళ్లు, పొగమంచు, పాతకాలపు ఇండ్లు కన్నుల పండువుగా ఉంటాయి. అయినా రసం వేరు, సత్యం వేరు. ఈ కథలో చరిత్ర ఎంత?

లేఖలు చెప్పే సంగతి

టామ్ లెఫ్రాయ్ కల్పిత వ్యక్తి కాడు. అతడు 1776లో ఐర్లండులో జన్మించాడు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదివి, న్యాయవాద వృత్తికై లండను వెళ్లే ముందు, 1795 డిసెంబరులో ఇంగ్లండులోని ఆష్ గ్రామంలో ఉన్న పినతల్లి వరుస బంధువుల ఇంటికి వచ్చాడు. స్టీవెంటన్‌కు ఆష్ సమీపమే. క్రిస్మస్ కాలపు నృత్యోత్సవాలలో జేన్, టామ్ కలిసి నాట్యమాడారు. ఈ విషయం మనకు ఎలా తెలుసు? జేన్ అక్కకు వ్రాసిన ఉత్తరాల వలన. ఆమె లేఖలలో నేడు లభ్యమవుతున్న వాటిలో మొట్టమొదటిది 1796 జనవరి 9వ తేదీది. అందులోనే టామ్ ప్రస్తావన వస్తుంది. అతనితో తాను ఎంత చనువుగా మెలగినదో అక్కను ఉడికించే ధోరణిలో ఆమె వ్రాస్తుంది. అతని తెల్లకోటు ఒక్కటే దోషమని పరిహసిస్తుంది. కొద్ది దినాల తరువాత వ్రాసిన మరొక లేఖలో, అతడు తనను పెండ్లాడమని అడగవచ్చునని, ఆ కోటు విడిచిపెడితే తప్ప తాను ఒప్పుకొననని చమత్కరిస్తుంది. అతడు వెళ్లిపోయే దినం వచ్చినదని తలచుకొంటే కన్నీరు వస్తున్నదని కూడ అంటుంది. ఆ కన్నీరు నిజమో, అప్పటి విలాప నవలలమీద వెక్కిరింతయో ఆ వాక్యంనుండి తేల్చడం కష్టం. ఆమె వ్రాతలో పరిహాసం వెనుక బాధ, బాధ వెనుక పరిహాసం దాగి ఉండడం స్వభావం.

ఆ తరువాత 1798 నవంబరు నాటి ఒక ఉత్తరంలో టామ్ గురించి మరొకసారి తెలుస్తుంది. అతని బంధువురాలు శ్రీమతి లెఫ్రాయ్ ఇంటికి వచ్చినప్పుడు, అతని క్షేమం అడగడానికి జేన్‌కు అభిమానం అడ్డువచ్చినది. తండ్రియే అడిగాడు. అతడు న్యాయవాద వృత్తి చేపట్టడానికి ఐర్లండు పోతున్నాడని తెలిసినది. అడగలేకపోయిన ఆ మౌనంలో ఎంతో కొంత గాయం ఉన్నదని సహృదయుడు ఊహించుకొనవచ్చు. టామ్ 1799లో మేరీ పాల్ అనే ఆమెను వివాహమాడాడు. 1852లో ఐర్లండు దేశపు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. వృద్ధాప్యంలో బంధువొకరు అడిగినప్పుడు, తాను జేన్‌ను ప్రేమించిన మాట నిజమేననీ, అయితే అది కుర్రతనపు ప్రేమ అనీ చెప్పినట్లు కుటుంబ సాక్ష్యం ఉన్నది. అతడు 1869లో తొంబది మూడవ ఏట మరణించాడు.

ఇంతే ఆధారం. కొద్ది వారాల పరిచయం, రెండు మూడు ఉత్తరాలు, ఒక వృద్ధుని జ్ఞాపకం. జేన్ వ్రాసిన లేఖలు వేలలో ఉండియుండవచ్చునని పండితుల ఊహ. దొరికినవి సుమారు 160 మాత్రమే. మిగిలిన వాటిలో చాలభాగాన్ని కసాండ్రా తన చివరి సంవత్సరాలలో కాల్చివేసినది. చెల్లెలి గౌరవాన్ని కాపాడడానికి ఆమె అలా చేసియుండవచ్చును. కాని ఆ కాలిన కాగితాలు మిగిల్చిన ఖాళీలోనే ఈ చలనచిత్రం ఇల్లు కట్టుకొన్నది.

కల్పించినవి ఏవి?

విద్యార్థులు గుర్తుంచుకొనడానికి వీలుగా చిత్రంలోని ముఖ్యమైన కల్పనలను వరుసగా చెబుతాను.

మొదటిది, పారిపోయి పెండ్లి చేసుకొనే ప్రయత్నం. దీనికి ఏ ఆధారమూ లేదు.

రెండవది, న్యాయమూర్తియైన మేనమామ. టామ్ చదువుకు సహాయం చేసిన పెద్దమనిషి బెంజమిన్ లాంగ్లోయ్ అతని తండ్రికి మేనమామ. ఆయన పార్లమెంటు సభ్యుడిగాను, ప్రభుత్వోద్యోగిగాను పనిచేసినవాడు గాని న్యాయమూర్తి కాదు. 1796 ఆగస్టులో జేన్ లండనులోని కార్క్ వీధిలో బస చేసినది నిజం. ఆ బస లాంగ్లోయ్ ఇంటిలోనే అని జాన్ స్పెన్స్ ఊహించాడు. అది ఒక పరిశోధకుని అనుమానం. చిత్రం దానిని ప్రత్యక్ష దృశ్యంగా చూపినది.

మూడవది, విస్లీ, లేడీ గ్రెషమ్ పాత్రలు. ఈ పేర్లు గలవారు చరిత్రలో లేరు. అయితే జేన్‌కు వచ్చిన ఒక వివాహ ప్రస్తావన మాత్రం యథార్థం. 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విదర్ అనే సంపన్న యువకుడు ఆమెను అడిగాడు. ఆమె ఒప్పుకొన్నది. మరునాటి ఉదయమే తన మాటను వెనుకకు తీసుకొని ఆ ఇంటినుండి వెళ్లిపోయినది. ఒక రాత్రిలో ఆమె మనస్సులో ఏమి జరిగినదో ఎవరికి తెలుసు? కల్పన ఏదీ అక్కరలేకుండానే ఎంతో నాటకీయమైన ఈ సంఘటనను చిత్రం నేరుగా వాడుకొనకపోవడం విచిత్రం.

నాలుగవది, ఆన్ రాడ్‌క్లిఫ్‌తో సమావేశం. వారిద్దరూ కలుసుకొన్నట్లు ఆధారం లేదు. రాడ్‌క్లిఫ్ భయానక నవలలను జేన్ చదివినది, వాటిని ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో సరదాగా పరిహసించినది కూడ.

ఐదవది, చివరి సమావేశం. టామ్ పెద్దకూతురి పేరు జేన్ అనుట నిజమే. కాని టామ్ అత్తగారి పేరు కూడ జేన్. అమ్మమ్మ పేరు మనుమరాలికి పెట్టుట వారిలోను మనలోను ఆచారమే గదా! ఆ పేరును ప్రేమ చిహ్నంగా చూపడం చిత్రకారుల చమత్కారం.

ఆరవది, అన్న జార్జి. చిత్రంలో అతడు చెవిటి మూగవాడుగా కుటుంబంతో కలిసి ఉంటాడు, జేన్ అతనితో సైగలతో మాట్లాడుతుంది. నిజజీవితంలో రోగపీడితుడైన ఆ అన్నను చిన్ననాటినుండియు మరొక కుటుంబం సంరక్షణలో ఉంచారు. ఇక్కడ చిత్రం చరిత్రకన్న దయగా ఉన్నది. కాని ఆ దయ వలన నాటి సమాజం వికలాంగులను ఎలా చూచినదో మనకు తెలియకుండా పోతుంది.

అసలు అభ్యంతరం

ఈ కల్పనలన్నిటినీ క్షమించవచ్చును. కళకు కొంత స్వేచ్ఛ ఉండవలసినదే. నా అభ్యంతరం వేరొకటి. ‘బికమింగ్ జేన్’ అనే పేరుకు ‘జేన్ జేన్‌గా రూపొందుట’ అని అర్థం. టామ్ ఆమె రచనలను చూచి, లోకానుభవం లేనిదే గొప్ప నవల పుట్టదని బోధిస్తాడు. అతని ప్రేమ, వియోగం ఆమెను రచయిత్రిగా తీర్చిదిద్దినట్లు చిత్రం సూచిస్తుంది. అనగా ఒక పురుషుడు వచ్చి తలుపు తెరిచేవరకు ఆ ప్రతిభ గదిలోనే నిద్రించినదని భావం.

ఆధారాలు దీనిని ఒప్పుకొనవు. జేన్ పన్నెండవ ఏటినుండియే రచన సాగించినది. 1787 మొదలు 1793 వరకు వ్రాసిన చిన్నచిన్న రచనలను ఆమె మూడు పుస్తకాలలోకి స్వహస్తంతో ఎత్తి వ్రాసుకొన్నది. 1790లో, పదునాలుగవ ఏట, అతి భావుకత నిండిన ప్రేమ నవలలను ఎగతాళి చేస్తూ ఒక లేఖా నవలిక వ్రాసినది. మరుసటి ఏడు, పాఠ్యపుస్తకాల ధోరణిని వెక్కిరిస్తూ ఇంగ్లండు చరిత్ర వ్రాసినది. దానికి కసాండ్రా బొమ్మలు గీచినది. ‘లేడీ సూసన్’ అనే ప్రౌఢమైన నవలిక, తరువాత ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’గా మారిన తొలి ప్రతి, ఈ రెండును టామ్ రాకకు ముందువే అని విమర్శకుల సాధారణాభిప్రాయం. 1794 డిసెంబరులో తండ్రి ఒక చిన్న చేతి వ్రాతబల్లను కొన్నాడు. అది జేన్ పంతొమ్మిదవ జన్మదినానికి ఇచ్చిన కానుక అని భావిస్తారు. ఆమె వాడిన వ్రాతబల్ల నేడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. టామ్ ఆష్ గ్రామంలో అడుగు పెట్టేనాటికి ఆ బల్ల ఆమె చేతికి వచ్చి ఒక సంవత్సరమైనది. ఆమె కలం అంతకన్న ముందే వాడి తేరినది.

అయితే ప్రేమానుభవం ఆమె రచనకు ఏమీ ఇవ్వలేదని చెప్పరాదు. 1796 అక్టోబరులో ఆమె ఒక నవల ఆరంభించి, 1797 ఆగస్టులో ముగించినది. అదే తరువాత ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయినది. టామ్ వెళ్లిపోయిన తొమ్మిది నెలలకు మొదలైన ఆ నవలలో, ప్రథమ పరిచయంలో పుట్టిన అపార్థాలు కరిగిపోవడమే కథ. జీవితం నుండి ఏదో ఒక కణిక అందులో చేరియుండవచ్చును. కాని కణిక వేరు, శిల్పం వేరు. ప్రేమలో ఓడిపోయిన ఇరవై ఏండ్ల యువతులు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. ఆ నవల వ్రాసినది ఒక్కరే.

ధనం, వివాహం, ఒక మద్రాసు ప్రయాణం

చిత్రం గొప్పగా పట్టుకొన్న సత్యం ఒకటి కలదు. నాటి మధ్యతరగతి స్త్రీకి వివాహం హృదయ వ్యవహారం మాత్రమే కాదు, జీవనోపాధి కూడ. వివాహిత సంపాదించిన ధనంపై చట్టరీత్యా భర్తకే అధికారం. ఆ చట్టం మారడం 1870లో మొదలై 1882లో గాని పూర్తి కాలేదు. అవివాహిత తండ్రిమీదనో సోదరులమీదనో ఆధారపడవలెను. చిత్రంలో తల్లి ధనవంతుని సంబంధం కోసం పడే ఆరాటం, టామ్ తన వారి కోసం లోబడిపోవడం, ఈ రెండును ఆ సామాజిక సత్యానికి రూపాలు. జేన్ నవలల్లో ప్రతి పాత్రకూ ఎంత ఆదాయమో రచయిత్రి ముందుగానే చెబుతుంది. అది లోభం కాదు, వాస్తవ దృష్టి.

చిత్రంలో కనిపించే ఎలైజా అనే పాత్రకు మన దేశంతో సంబంధమున్నది. ఈ సంగతి మన విద్యార్థులకు ఆసక్తి కలిగించగలదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా తల్లిదండ్రులు లేని పేద యువతి. వరుని వెదకుకొనడానికి ఆమె 1752లో ఓడనెక్కి మద్రాసు చేరినది. మరుసటి సంవత్సరం కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన హాంకాక్‌ను వివాహమాడినది. వారి కుమార్తె ఎలైజా 1761లో కలకత్తాలో జన్మించినది. వారన్ హేస్టింగ్స్ ఆమెకు జ్ఞానపిత. ఎలైజా తొలి భర్త ఫ్రెంచి విప్లవకాలంలో 1794లో గిలటిన్‌కు బలియైనాడు. తరువాత 1797లో ఆమె జేన్ అన్న హెన్రీని పెండ్లాడినది. పొట్టకూటికి పెండ్లి, పెండ్లికి సముద్రయానం! ఈ కుటుంబ చరిత్ర జేన్ మనస్సుపై ముద్ర వేసినదనడానికి నిదర్శనం ఉన్నది. 1792లో, పదహారవ ఏట ఆరంభించి అసంపూర్తిగా విడిచిన ‘కాథరిన్’ అనే రచనలో ఒక అనాథ యువతిని బంధువులు వరుని కోసం బెంగాలుకు పంపివేస్తారు. ఆమె అక్కడ ధనవంతుడైన భర్తను పొందుతుంది గాని సుఖం పొందదు. టామ్ లెఫ్రాయ్ పేరు కూడ వినని దినాలలో జేన్ వివాహ వ్యవస్థను ఇంత నిశితంగా పరిశీలించినది.

తెరకెక్కని నాటకం

చిత్రం చూపని మరొక కథ ఉన్నది. నా అభిప్రాయంలో రచయిత్రి జీవితంలోని అసలు నాటకం అదే. 1797 నవంబరులో తండ్రి ఆమె నవలను గురించి లండనులోని కాడెల్ అనే ప్రచురణకర్తకు లేఖ వ్రాశాడు. వ్రాతప్రతిని చూడకుండానే ఆయన తిరుగు టపాలో నిరాకరించాడు. 1803లో ‘సూసన్’ అనే మరొక నవలను క్రాస్బీ అనే ప్రచురణకర్త 10 పౌండ్లకు కొన్నాడు, కాని అచ్చువేయలేదు. 1805లో తండ్రి మరణించాడు. తల్లి, ఇద్దరు కుమార్తెలు సోదరులు పంపే సొమ్ముతో ఊరూరు మారుతూ కాలం గడిపారు. 1809లో జేన్ మారుపేరుతో క్రాస్బీకి లేఖ వ్రాసి నవల సంగతి అడిగినది. ఇచ్చిన 10 పౌండ్లు తిరిగి ఇస్తే వ్రాతప్రతి తీసుకొనవచ్చునని సమాధానం వచ్చినది. ఆ మొత్తం చెల్లించి దానిని విడిపించుకొనడానికి 1816 వరకు ఆగవలసి వచ్చినది. ఆ నవలయే ‘నార్తాంగర్ ఆబీ’. అది వెలుగు చూచేనాటికి రచయిత్రి జీవించి లేదు.

1809లో అన్న ఎడ్వర్డు చాటన్ గ్రామంలో ఒక ఇల్లు ఇచ్చాడు. నిలకడ దొరికినది. పాత వ్రాతప్రతులను తీసి తిరిగి చెక్కినది. 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ వెలువడినది. నష్టం వస్తే భరించే షరతుమీద దానిని ఆమెయే అచ్చు వేయించుకొన్నది. ముఖపత్రంమీద ఆమె పేరు లేదు. ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే ఉన్నది. ఆమెకు 140 పౌండ్ల లాభం వచ్చినది. 1812లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను ఎగర్టన్ అనే ప్రచురణకర్తకు 110 పౌండ్లకు అమ్మివేసినది. ఆ నవలను ఆరంభించిననాటికి, అది అచ్చయిననాటికి మధ్య పదహారు సంవత్సరాలు గడిచినవి. ఇన్ని నిరాకరణల తరువాత కూడ కలం క్రింద పెట్టకుండుట, వ్రాసినదానిని మరల మరల దిద్దుకొనుట, ఇవియే జేన్‌ను జేన్‌గా తీర్చినవి.

ఆమెను వించెస్టరు కెథడ్రల్‌లో సమాధి చేశారు. సమాధి శిలమీద ఆమె సద్గుణాలను ప్రశంసించారు గాని నవలా రచయిత్రి అని ఒక్క మాట లేదు. ఆ లోటు తీర్చే ఇత్తడి ఫలకం 1872లో గాని వెలవలేదు. 2017లో, ఆమె మరణించి రెండువందల సంవత్సరాలు నిండిన ఏట, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె బొమ్మతో ఒక నోటు విడుదల చేసినది. అది 10 పౌండ్ల నోటు. క్రాస్బీ ఆమె నవలకు కట్టిన వెల కూడ అంతే!

ఇది ఒక్క చిత్రం దోషమా?

ప్రేమకథ లేనిదే రచయిత జీవితం తెరమీద నిలువదన్న నమ్మకం ఒక్క ఆంగ్లేయులదే కాదు. 1954లో సొహ్రాబ్ మోడీ నిర్మించిన ‘మీర్జా గాలిబ్’ చిత్రానికి కథ సమకూర్చినవాడు సాదత్ హసన్ మంటో అంతటివాడు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించినది. సురయ్యా గానం ద్వారా గాలిబ్ గజళ్లు ఉర్దూ రానివారికి కూడ చేరినవి. అందులోను గాలిబ్ జీవితానికి కేంద్రం ఒక కళావంతురాలి ప్రేమయే. 1947 నాటి మన ‘యోగి వేమన’లోను వేమన వైరాగ్యానికి పూర్వం మోహనాంగి కథ నడుస్తుంది. కారణం గ్రహించడం కష్టం కాదు. కాగితంముందు కూర్చుండి ఒక వాక్యాన్ని కొట్టివేసి మరల వ్రాసే మనిషిని ఛాయాగ్రాహకుడు ఎంతసేపు చూపగలడు? రచన అంతరంగ వ్యాపారం, చిత్రానికి కావలసినది బాహ్య చర్య. కనుక రచనకు బదులు ప్రేమను చూపుతారు. ఈ పరిమితిని ప్రేక్షకుడు తెలిసికొన్నచో మోసపోడు. పైగా ఇటువంటి చిత్రం మూలగ్రంథాల వైపు దారి చూపినచో, గాలిబ్ చిత్రం వలెనే అదియు సార్థకమే.

విద్యార్థి చేయవలసిన పని

ఇటువంటి చిత్రాన్ని చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఈ దృశ్యానికి లేఖగాని, దస్తావేజుగాని, సమకాలికుల సాక్ష్యంగాని ఉన్నదా? లేనిచో చిత్రకారుడు దానిని ఎందుకు కల్పించాడు? ఆ కల్పన వలన రచయిత వ్యక్తిత్వం పెరిగినదా, తరిగినదా? ‘బికమింగ్ జేన్’ విషయంలో మొదటి ప్రశ్నకు సమాధానం చాలచోట్ల లేదనియే. రెండవదానికి, రెండు గంటల వినోదం కోసం. మూడవదానికి సమాధానం మిశ్రమం. ప్రియుని కుటుంబం కోసం తన సుఖాన్ని వదులుకొన్న జేన్ ఉదాత్తురాలుగా కనిపిస్తుంది. కాని శ్రమించి, నిరాకరణలను సహించి, వాక్యాన్ని ఉలితో చెక్కిన కార్మికురాలు మరుగున పడిపోతుంది.

చిత్రం చూచిన వెంటనే ఆమె నవల ఒకటి చేతబట్టడం అన్నిటికన్న మేలైన పద్ధతి. ఆంగ్లం కఠినమనిపించినవారు కథను ముందుగా ‘ప్రియురాలు పిలిచింది’ అనే చిత్రంలో చూచి తరువాత నవల చదువవచ్చును. 2000లో రాజీవ్ మేనన్ ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా తమిళంలో తీసిన చిత్రానికి అది తెలుగు రూపం. ఇల్లు వాకిలి కోల్పోయిన ఆ అక్కచెల్లెండ్ర కథ మన ఇండ్లలో జరిగినట్లే ఉంటుంది. కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం ఒకటే. విద్యార్థులకు సాహిత్యచిత్రాలు చూపినప్పుడు ఆ వారంలోనే ఆ రచయిత పుస్తకం గ్రంథాలయం బల్లమీద అందుబాటులో ఉండేటట్లు చూడవలెను. చిత్రం రేకెత్తించిన ఆసక్తి చల్లారకముందే పుస్తకం చేతికి అందవలెను.

మన తరగతులలో రహస్యంగా కవితలు, కథలు వ్రాసుకొనే బాలికలు, బాలురు ఉంటారు. తమకు గొప్ప అనుభవాలు లేవు, పెద్ద నగరాలు చూడలేదు, కనుక రచన తమకు అందని పండు అని వారు అనుకొంటారు. ఈ చిత్రంలో టామ్ చెప్పే మాటలు వారి నిరుత్సాహాన్ని పెంచవచ్చును. వారు చిత్రంలోని జేన్‌ను గాక చరిత్రలోని జేన్‌ను ఆదర్శంగా తీసుకొనవలెను. ఆమెకు బడి చదువు పదకొండేండ్లతో ముగిసినది. ఆమె చూచిన లోకం నాలుగు పల్లెలు, రెండు మూడు పట్టణాలు. ఆమెకు ఉన్నవి ఇంటినిండ పుస్తకాలు, వినే కుటుంబం, ఒక చిన్న వ్రాతబల్ల, ఓడిపోయినా లేచి వ్రాసే పట్టుదల. వీటిలో పట్టుదలను ఎవరూ దానం చేయలేరు. మిగిలిన మూడింటిని పిల్లలకు సమకూర్చడం ఇంటివారు, కళాశాలవారు తలచుకొంటే సాధ్యమే.